ఏదీ పారెయ్యని గోడ

నీలాద్రివలస ఉపాధ్యాయ శిక్షణ కేంద్రంలో ఎవరి దరఖాస్తునూ తిరస్కరించరు. కేంద్రం పుట్టిన నాటి నుంచీ వస్తున్న మంచి ఆచారమది. కాదు అన్న మాట అక్కడ ఎవరి నోటా రాదు. పరిశీలనలో ఉంది అంటారు. సైకిళ్ళకు ఒక షెడ్డు కావాలని వెనకటి డ్రాయింగు మాస్టారు పెట్టుకున్న అర్జీ నేటికీ పరిశీలనలోనే ఉంది. ఆ మాస్టారు సైకిలు అమ్మి స్కూటరు కొన్నారు, స్కూటరు అమ్మేశారు, పదవీ విరమణ చేశారు, మోకాళ్ళ నొప్పులొచ్చి నడకే తగ్గించేశారు. అర్జీ మాత్రం చెక్కు చెదరలేదు. ఆయన పెన్షను పనిమీద ఎప్పుడైనా వస్తే సూపరింటెండెంట్ పుండరీకాక్షయ్య గారు కుర్చీ వేయించి, "మీది ఎక్కడికీ పోనేదు మాస్టారూ, బీరువాలో బద్రంగా ఉంది" అని ధైర్యం చెబుతారు. ఆయన కూడా తృప్తిగా టీ తాగి వెళతారు.

అటువంటి చోట అప్పలనరసయ్య మాస్టారు ఒక పొరపాటు చేశారు. ఇంటర్నెట్టును బాగు చేశారు.

అప్పలనరసయ్య గారు లెక్కలు చెప్పే మనిషి. కంప్యూటర్ల బాధ్యత ఆయనకు చుట్టుకోవడానికి కారణం చాలా చిన్నది. ఒకసారి సమావేశంలో ప్రొజెక్టరు వెలగలేదు. కంపెనీకి ఫోను చేయాలా, జిల్లాకు రాయాలా అని పెద్దలు తర్కిస్తుండగా ఆయన లేచి వెళ్ళి ప్లగ్గు పెట్టారు. ఆ మధ్యాహ్నమే ఆయన్ని కంప్యూటర్ల ఇన్‌ఛార్జిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ కేంద్రం చరిత్రలో అంత త్వరగా వచ్చిన ఉత్తర్వు మరొకటి లేదు. ఆయన వద్దనలేదు. అంతకు ముందు ఏడాదే ఆయన భార్య రాజ్యం పోయింది. సాయంత్రం అందరూ ఇళ్ళకు వెళ్ళాక ఇంకాసేపు అక్కడే ఉండడానికి ఆయనకొక పని కావలసి ఉంది. కంప్యూటర్ల గది ఆ పని ఇచ్చింది.

కేంద్రం మొత్తానికి ఇంటర్నెట్టు తీగ ఒక్కటే. ఆ ఒక్క తీగ మీదే రోజూ ఉదయం గుమ్మిగూడకు పాఠం వెళుతుంది. గుమ్మిగూడ కొండ మీది చిన్న ఊరు. అక్కడి బడికి ఉన్న ఒక్క టీచరూ దీర్ఘకాలం సెలవు పెట్టి వెళ్ళిపోతే మరొకరిని వెయ్యలేదు. అప్పటి నుంచీ మధ్యాహ్నం వంట చేసే ఆరిక చిన్నమ్మే బడి తలుపు తీస్తుంది, పిల్లల్ని కూర్చోబెడుతుంది, గోడకున్న టీవీ పెడుతుంది. ఇటు నుంచి అప్పలనరసయ్య గారు లెక్కలు చెబుతారు, లలితాంబ గారు తెలుగు చెబుతారు. అటు నుంచి పిల్లలు అడుగుతారు, వీళ్ళు జవాబిస్తారు. టీచరు లేని బళ్ళన్నిటినీ దగ్గరి బడిలో కలిపేయాలన్నది పైవాళ్ళ నియమం. అయితే పాఠం ఇలా నేరుగా నడుస్తున్నంత కాలం, నడుస్తోందని రోజూ నివేదిక అందుతున్నంత కాలం, గుమ్మిగూడకు మినహాయింపు ఇచ్చారు. కలిపేస్తే దగ్గరి బడి వాగుకు ఆవల ఉంది. వానాకాలం ఆ వాగు పెద్దవాళ్ళకే దారి ఇవ్వదు. అక్కడి పిల్లలు బడి మారరు, మానేస్తారు. ఈ సంగతి చిన్నమ్మికి తెలుసు, అప్పలనరసయ్య గారికి తెలుసు. నియమానికి తెలియదు.

చిక్కల్లా పాఠం వెళ్ళే వేళకే వచ్చేది. సరిగ్గా అప్పుడే శిక్షణకు వచ్చిన ఉపాధ్యాయులు మేడ మీద ఫోన్లలో క్రికెట్టు పెట్టేవారు. ప్రిన్సిపాల్ భానోజీరావు గారు తమ గదిలో ఆధ్యాత్మిక ప్రవచనం వినేవారు. పుండరీకాక్షయ్య గారు ముందురోజు తప్పిపోయిన సీరియలు చూసేవారు. ఇన్నిటి మధ్య నలిగి, లెక్కల పాఠం గుమ్మిగూడకు ముక్కలు ముక్కలుగా చేరేది. "త్రిభుజానికి మూ" అన్నది వెళ్ళేది, "డు భుజాలు" అన్నది దారిలో పోయేది.

మాస్టారు స్టోరు గదిలో పడి ఉన్న పాత కంప్యూటరు ఒకటి దులిపి తెచ్చారు. అందులో ఎవరికైనా ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ఫైర్‌వాల్, అంటే కాపలా గోడ లాంటి ప్రోగ్రాము, ఒకటి ఎక్కించారు. కేంద్రంలోకి వచ్చేదీ, బయటికి పోయేదీ ఇక దాని గుండానే నడవాలి. సాయంత్రాలు కూర్చుని దాని పుస్తకం చదివారు. ట్రాఫిక్ షేపింగ్ అనే అధ్యాయం ఆయనకు బాగా నచ్చింది. ఇరుకైన దారిలో దేన్ని ముందు పంపాలి, దేన్ని ఆపాలి అన్న విద్య అది. మనం పంపేదంతా చిన్న చిన్న పొట్లాలుగా, అంటే ప్యాకెట్లుగా వెళుతుంది. ఘాట్ రోడ్డు మీద అంబులెన్సుకు దారి వదిలి ఇసుక లారీలను ఆపినట్టు, మాటల ప్యాకెట్లను ముందు వదలాలి, సినిమాల ప్యాకెట్లను వెనక నిలబెట్టాలి. నిలబడే చోటు నిండిపోతే మిగతావాటిని డ్రాప్ చేయాలి, అంటే అక్కడే వదిలేయాలి. పంపినవాళ్ళ కంప్యూటరు ఆ సంగతి గ్రహించి, కాస్త నెమ్మదించి, వాటిని మళ్ళీ పంపుకుంటుంది. ప్రపంచమంతా ఇలాగే నడుస్తోంది.

మర్నాడు పాఠం అద్దంలా వెళ్ళింది.

"మాస్టారూ, మీరు మా పక్కింట్ల కూకోని సెప్పినట్టు ఇనపడతన్నారు," అంది చిన్నమ్మి.

అదే సమయంలో పుండరీకాక్షయ్య గారి సీరియల్లో అత్తగారు కోడల్ని కొట్టడానికి చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయారు. ఆయన కాసేపు ఓపిక పట్టారు. చెయ్యి దిగలేదు. లేచి కంప్యూటర్ల గదికి వచ్చారు.

"ఏటండీ మాస్టారూ, ఏటి సేసినారు?"

అప్పలనరసయ్య గారు చెప్పారు. పుండరీకాక్షయ్య గారు వినడం లేదు. తెర మీద ఒక మూల డ్రాప్స్ అన్న మాట ఉంది, దాని పక్కన ఒక అంకె ఉంది. ఆ అంకె పెరుగుతోంది.

"ఇదేటి?"

"చోటు లేక వదిలేసినవండీ."

"వదిలీసినవంటే? పారీసినవా?"

"ఒక రకంగా అంతే."

"ఎవరు పారీమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. దాని పద్ధతే అది. పంపినవాళ్ళు మళ్ళీ పంపుకుంటారు."

"పంపకపోతే?"

"పంపుతారండీ."

"ఆళ్ళు పంపుతారని మనం పారీడవేటండీ?" పుండరీకాక్షయ్య గారు తెరకు చెయ్యి అడ్డం పెట్టారు. "నాను సర్వీసులో ఒక్క కాయితం పారీలేదు. చిరిగిపోయిన కవరు కూడా అట్టకంటించి పెట్టినాను. మీరు పొద్దుటేల కూకుని ఏలకి ఏలు... రేపెవుడో కోర్టుకెల్తే బోనెక్కేది మీరా, నానా?"

ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గారి గదిలో అత్యవసర సమావేశం జరిగింది. భానోజీరావు గారు మంచివారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగరు. ఏ మాటనైనా నోట్ ఫైల్లో రాస్తున్నట్టే పలుకుతారు. ఇంట్లో కూర బాగా లేకపోతే కూడా, ఉప్పు విషయమై పునఃపరిశీలన అవసరమని వారి భార్యకు తెలియజేస్తారని చెప్పుకుంటారు.

"ఈ విషయమై నాకు రెండు సందేహములు కలవు," అన్నారాయన. "మొదటిది. ఈ గోడ ఓపెన్ అంటున్నారు. తెరిచి ఉన్నది గోడ ఎట్లగును?"

"దాన్ని ఎలా కట్టారో ఎవరైనా చూసుకోవచ్చని అర్థం సర్. కట్టిన తీరు రహస్యం కాదు."

"సరి. పారదర్శకత కింద దానిని పరిగణించవచ్చును. రెండవది. కేంద్రమునకు వచ్చిన ప్యాకెట్లను ఎట్టి విచారణా లేకుండా, వాటి వాదన వినకుండా తొలగించుట సహజ న్యాయమునకు విరుద్ధము కాదా?"

"వాటికి వాదన ఉండదు సర్."

"ఉండదని మనము ముందే నిర్ణయించుటయే పక్షపాతము," అన్నారు భానోజీరావు గారు మృదువుగా. "అదియుగాక మాటలకు ముందు, సినిమాలకు వెనుక అని మీరు వరుస పెట్టినారట. ప్రవచనమును ఏ వరుసలో పెట్టినారు?"

అప్పలనరసయ్య గారు నేల చూశారు. "సినిమాల వరసలో సర్. కంప్యూటరుకి తేడా తెలీదు."

లలితాంబ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కమిటీ ఏర్పడింది. ప్యాకెట్ పరిరక్షణ కమిటీ. అధ్యక్షులు భానోజీరావు గారు, కార్యదర్శి పుండరీకాక్షయ్య గారు. రెండు తీర్మానాలు జరిగాయి. ఒకటి, ముందు వచ్చిన దానికి ముందు, ఎవరికీ ప్రత్యేక దారి లేదు. రెండు, ఏ ప్యాకెట్టునూ ఎట్టి పరిస్థితిలోనూ పారవేయరాదు. చోటు లేకపోతే చోటు పెంచవలెను.

"సాధ్యమేనా మాస్టారూ?" అని అడిగారు భానోజీరావు గారు.

సాధ్యమే. అలా చేస్తే తీగ గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టవుతుందని పుస్తకంలోనే రాసి ఉంది. ఆ మాట చెప్పడానికి మాస్టారు నోరు తెరిచారు. కానీ పారేయడమే మంచిదని నలుగురి ముందు వాదించడానికి ఆయనకు ఆ రోజు నోరు రాలేదు. ఇంట్లో ఫ్రిజ్ మీద రాజ్యం వేసుకునే మాత్రల డబ్బా ఇంకా అలాగే ఉంది. వాటి గడువు ఎప్పుడో దాటింది.

"చేయొచ్చు సర్," అన్నారు.

*

చేశారు. వరస పొడవు ఎంత పెంచడానికి వీలుంటే అంత పెంచారు. మర్నాటికల్లా డ్రాప్స్ పక్కన అంకె సున్నా అయింది. భానోజీరావు గారు స్వయంగా వచ్చి సున్నాను చూశారు. ఫోటో తీయించారు. గేటు మీద గుడ్డ బ్యానరు వెలిసింది: తిరస్కరణ లేని తొలి శిక్షణ కేంద్రం. ఫోటో పైవాళ్ళకు పంపారు. అదే వరసలో నిలబడి వెళ్ళడం వల్ల కాస్త ఆలస్యంగా చేరిందిగాని, చేరాక మెచ్చుకున్నారు. మెచ్చుకున్న సంగతి ఇంకాస్త ఆలస్యంగా తెలిసింది.

ఏదీ పోలేదు. అన్నీ వచ్చాయి. ఎప్పుడు అన్నదే తెలిసేది కాదు.

మొదట ఆలస్యాలు టీ తాగేంతసేపు ఉండేవి. ఇంటర్నెట్టు ఫోన్లో హలో అని, వెళ్ళి టీ తాగి వస్తే అవతలి హలో సిద్ధంగా ఉండేది. తరవాత భోజనం చేసి వచ్చేంత అయ్యాయి. మనుషులు దేనికైనా అలవాటు పడతారు. ఇప్పటి డ్రాయింగు టీచరు సుబ్బులు గారు సోమవారం ఉదయం తన చెల్లెల్ని "ఏం కూర చేశావే?" అని అడిగి, మంగళవారం వంకాయ అని విని, వంకాయ బాగుందా అని అడిగి, గురువారం బాగుందని విని సంతోషించేవారు.

లోపల ఇంకొక వింత జరిగింది. ప్యాకెట్టు చేరినట్టు కబురు రాకపోతే పంపిన కంప్యూటరు ఊరుకోదు, అదే ప్యాకెట్టును మళ్ళీ పంపుతుంది. అప్పటికీ కబురు లేకపోతే ఇంకొకటి. వాటినీ పారవేయరాదు కనుక అవీ వరసలో చేరాయి. తెర మీద ఒకే ప్యాకెట్టు మూడేసి సార్లు నిలబడి ఉండడం మాస్టారు చూపించారు. పుండరీకాక్షయ్య గారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇయి రిమైండర్లు కాదేటండీ మాస్టారూ! ఒరిజినలు వెనకే రిమైండరు, దాని వెనకే ఇంకో రిమైండరు. ఇన్నాల్లూ కంప్యూటర్లంటే బయపడినాను గాని, ఇయి అచ్చం మన ఆపీసులాగే పని సేస్తన్నాయి."

ఆ రోజు నుంచి ఆయన రోజూ ఉదయం కంప్యూటర్ల గదికి వచ్చి తెరకు నమస్కారం పెట్టి సీటుకు వెళ్ళేవారు.

కొన్ని ప్యాకెట్లు మాత్రం దారిలో మాయమవుతున్నాయని తేలింది. కమిటీ కూర్చుంది.

"ప్రతి ప్యాకెట్టుకీ కొంత ఆయుష్షు ఉంటుంది సర్," అన్నారు అప్పలనరసయ్య గారు. "అది అయిపోతే దానంతటదే పోతుంది."

"ఎంత వయసుకు?"

"మనం పెట్టినదాన్ని బట్టి సర్."

"అయితే సమస్య ఏమున్నది? పదవీ విరమణ వయసు పెంచండి," అన్నారు భానోజీరావు గారు.

పెంచారు. దాంతో నిలబడే చోటు చాలలేదు. స్టోరు గదిలో ఉన్న పాత కంప్యూటర్లన్నీ దులిపి, ఒకదాని వెనక ఒకటి తగిలించి, రికార్డు రూములో వరసగా పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. తలుపు మీద నిరీక్షణ విభాగం అని పలక పెట్టారు. ఆ గదిలోకి వెళితే తేనెతుట్టెలో చెవి పెట్టినట్టు ఒకటే రొద. కొన్ని లక్షల మాటలు, బొమ్మలు, పాటలు, ప్రవచనాలు తమ వంతు కోసం అక్కడ నిలబడి ఉన్నాయి.

సిబ్బంది హాజరు కూడా ఆ తీగ మీదే వెళ్ళాలి. ఉదయం ఫోనులో ముఖం చూపిస్తే హాజరు పడుతుంది. సోమవారం చూపిన ముఖాలు బుధవారం చేరసాగాయి. శుక్రవారం ముఖాలు ఆదివారం చేరాయి. కేంద్రం ఆదివారం కిటకిటలాడుతోందనీ, సోమవారం మనిషన్నవాడు లేడనీ పైనుంచి తాఖీదు వచ్చింది, అదీ పది రోజులు ఆలస్యంగా. మాటకైనా ముఖానికైనా రెండు రోజులు చాలేవి, మెయిలుకు మాత్రం దాని ముక్కలన్నీ ఒకచోట కూడేదాకా వారాలు పట్టేది. భానోజీరావు గారు కలవరపడలేదు. సిబ్బంది తమ సోమవారపు ముఖమును సెలవు దినమైన శనివారమే చూపవలెనని మెమో ఇచ్చారు. సెలవు పెట్టదలచినవారు ముఖము చూపకుండుటను కూడా రెండు రోజులు ముందుగా ఆచరించవలెనని దిగువన చేర్చారు.

*

ఇంత మంది ఇలా సర్దుకుపోయారుగాని పాఠం సర్దుకోలేకపోయింది.

అప్పలనరసయ్య గారు కెమెరా ముందు నిలబడి ఎక్కం అడిగేవారు. తెర మీద గుమ్మిగూడ పిల్లలు నోళ్ళు సగం తెరిచి బొమ్మల్లా ఉండేవారు. ఆ నోళ్ళు ఎప్పటివో ఆయనకు తెలియదు. ఒక బుధవారం లలితాంబ గారు పద్యం చదివి, భావం చెప్పి, "ఈ పద్యంలో తల్లి కొడుక్కి ఏమని బుద్ధి చెప్పింది? చామంతీ, నువ్వు చెప్పమ్మా" అన్నారు.

టీవీలో బొమ్మ కదిలింది. ఎనిమిదేళ్ళ చామంతి చేతులు కట్టుకుని లేచి గట్టిగా చెప్పింది.

"యాబై ఆరు!"

లలితాంబ గారు అప్పలనరసయ్య గారి వైపు తిరిగారు. "ఇది మీ సొమ్మేనా మాస్టారూ?"

"నాదే. సోమవారం ఏడెనిమిదులు ఎంతని అడిగాను," అన్నారాయన. ఆ వెంటనే, "ఒప్పే చెప్పింది" అన్నారు.

"ఒప్పు చెప్పిందని దానికెప్పుడు తెలుస్తుంది?"

"శుక్రవారం."

లలితాంబ గారు నవ్వబోయి ఆగారు. "ఇలా అయితే ఆ పిల్లలు ఎంతకాలం కూర్చుంటారండీ టీవీ ముందు? తనిఖీ వస్తోందంటున్నారు. పాఠం నడవడం లేదని రాస్తే బడి ఎత్తేస్తారు. మీరు మాట్లాడాలి. మీరు తప్ప ఆ గోడ సంగతి తెలిసినవాళ్ళు లేరు."

మాస్టారు ఆ సాయంత్రమే భానోజీరావు గారి దగ్గరకు వెళ్ళారు. ఈసారి మాటలు దాచుకోలేదు. ఏదీ పారేయకపోవడం వల్ల ఏదీ అందడం లేదని, బడి పోతుందని చెప్పారు. ప్రిన్సిపాల్ గారు సాంతం విన్నారు. విన్నాక కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మీ ఆవేదన న్యాయమైనది. రాతపూర్వకముగా ఇవ్వండి."

"ఇస్తే పాత పద్ధతి పెట్టుకోనిస్తారా సర్?"

"తిరస్కరించను," అన్నారు భానోజీరావు గారు ఎంతో దయగా.

మాస్టారు రాసిచ్చారు. పుండరీకాక్షయ్య గారు దాన్ని అందుకుని, దుమ్ము లేకపోయినా దులిపి, బీరువాలో పెట్టారు.

*

తనిఖీకి జాయింట్ డైరెక్టర్ సువర్చల గారు వచ్చారు. చకచకా నడుస్తారు, చకచకా మాట్లాడతారు, బ్యానరు కింద నుంచి తల ఎత్తి చూడకుండా నడిచి, నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికి వచ్చేశారు.

"భానోజీరావు గారూ, గుమ్మిగూడ బడి ఇంకా ఎందుకు నడుస్తోంది? కలిపేయమని ఉత్తర్వు పంపి నెల దాటింది."

అప్పలనరసయ్య గారి చేతిలో నివేదికల కాగితాలున్నాయి. ఆ చెయ్యి కాస్త కిందికి దిగింది.

"మాకు అందలేదండీ," అన్నారు భానోజీరావు గారు.

"మెయిల్లో పంపాం. మూడు రిమైండర్లు కూడా పంపాం."

"అయితే ఎక్కడికీ పోదు మేడమ్," అన్నారు పుండరీకాక్షయ్య గారు గర్వంగా. "ఒరిజినలూ ఉంటాది, మూడు రిమైండర్లూ ఉంటాయి. నిరీక్షణ విభాగంలో వరసలో ఉన్నాయి. రేపో మాపో వొచ్చెస్తాయి."

అప్పలనరసయ్య గారు ముందుకొచ్చారు. "ఎందుకు కలిపేయమన్నారు మేడమ్?"

"చాలా రోజులుగా పాఠం నడుస్తున్నట్టు మాకొక్క నివేదికా రాలేదు. రాకపోతే నడవనట్టే."

"రోజూ మెయిల్లో పంపానండీ."

"ఒక్కటీ అందలేదు."

"అయ్యీ ఎక్కడికీ పోనేదు మేడమ్," అన్నారు పుండరీకాక్షయ్య గారు. "ఇటు పక్క వరసలో ఉన్నాయి."

సువర్చల గారు ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశారు. "ముందు ఆ పాఠమేదో చూపించండి. పదకొండుకి నాకు కమిషనర్ గారితో వీడియో కాన్ఫరెన్సు ఉంది. ఇక్కణ్ణుంచే మాట్లాడతాను."

కంప్యూటర్ల గదిలో టీవీ పెట్టారు. గుమ్మిగూడ పిల్లలు తెరిచిన నోళ్ళతో కనిపించారు. ఆవిడ వంగి, ముద్దుగా అడిగారు. "ఏమ్మా, బాగా చదువుకుంటున్నారా?"

ఎవరూ కదలలేదు.

"బడికి రోజూ వస్తున్నారా?"

పిల్లలు రెప్ప కూడా వేయలేదు.

"సమాధానము పరిశీలనలో ఉన్నదండీ," అన్నారు భానోజీరావు గారు.

"ఎప్పటికి వస్తుంది?"

"ఎల్లుండికి తప్పదండీ," అన్నారు పుండరీకాక్షయ్య గారు. "మీరు రెస్టు తీసుకుంటే ఈలోగా..."

సువర్చల గారు నిటారుగా నిలబడ్డారు. "అంటే పదకొండుకి నేను కమిషనర్ గారికి నమస్కారం పెడితే..."

"ఎల్లుండి ప్రతినమస్కారము అందగలదు," అని భానోజీరావు గారు వినయంగా పూర్తి చేశారు. "ఒక్కటి కూడా తిరస్కరింపబడదు."

ఆవిడ గడియారం చూసుకున్నారు. ముఖం ఎర్రబడింది. "దీన్ని నడిపేదెవరు? బాగు చేయండి. ఇప్పుడే!"

అప్పలనరసయ్య గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "చేస్తాను మేడమ్. పాత పద్ధతి పెట్టడం నిమిషం పని. కానీ అది నడవాలంటే ముందు వరసలో ఆగి ఉన్నవన్నీ పారేయాలి. ఏరుకోవడానికి లేదు. పంపిన కంప్యూటర్లు ఎప్పుడో విసిగి మళ్ళీ పంపడం మానేశాయి, పారేస్తే మొత్తం పోతాయి."

"పోనివ్వండి."

ఆయన అబద్ధం ఆడని మనిషి. అబద్ధం ఆడకుండానే, సంగతి చెప్పకుండా ఊరుకునే వీలు కూడా ఉంది. అయినా చెప్పారు. "మీ ఉత్తర్వు అందులోనే ఉంది మేడమ్. అది కూడా పోతుంది."

సువర్చల గారు ఆయన్ని పరీక్షగా చూశారు. "అదెంత? మళ్ళీ పంపుతాం." అని, తనే ఆగారు. "మళ్ళీ పంపాలంటే కొత్త ఫైలు పెట్టాలి. మొదటిది అందలేదని మీ కేంద్రం ధ్రువీకరించాలి."

"అది కుదరదు మేడమ్," అన్నారు పుండరీకాక్షయ్య గారు ఖచ్చితంగా. "అందినదాన్ని అందిందని రాస్తాను. అందనిదాన్ని సూడకుండా, అది ఫలానా అని ఎలగ రాస్తాను? రూలు ఒప్పుకోదు. అసలు పారీడానికే నాను ఒప్పుకోను. కమిటీ తీర్మానం ఉంది."

పదకొండు కావస్తోంది. భానోజీరావు గారికి చెమటలు పట్టాయి. జీవితంలో మొదటిసారి ఆయన ముందు ఒక పని ఉంది, దాన్ని పరిశీలనలో పెట్టే వీలు లేదు. ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. కళ్ళు తెరిచేసరికి ముఖం వెలిగిపోయింది.

"పుండరీకాక్షయ్య గారూ, రాసుకొనండి. పారవేయుట కాదు. దీర్ఘకాలముగా నిరీక్షించుచున్న ప్యాకెట్లకు, స్వస్థలమునకు తిరిగి వెళ్ళి, తమకు అనుకూలమైన సమయమున మరల బయలుదేరుటకు అవకాశము కల్పించడమైనది."

పుండరీకాక్షయ్య గారు ఆలోచించారు. మళ్ళీ ఆలోచించారు. "అలగయితే అభ్యంతరం లేదండీ," అన్నారు.

అందరూ అప్పలనరసయ్య గారి వైపు చూశారు. ఆయన వేలు మీట మీద ఉంది. వెంటనే నొక్కలేదు. రికార్డు రూములోంచి రొద సన్నగా వినబడుతోంది. అందులో పిల్లల జవాబులున్నాయి, ఒప్పు చెప్పారన్న తన మాటలున్నాయి, సుబ్బులు గారి చెల్లెలి కూరలున్నాయి, ఎవరెవరివో నమస్కారాలున్నాయి. ఒక్కటీ చెడ్డది కాదు. ఆగినవి పోతే తప్ప నడిచేవి నడవవని పుస్తకం ఆ అధ్యాయం మొదట్లోనే చెప్పింది. ఆయన దాన్ని చాలాసార్లు చదివారు.

నొక్కారు.

రికార్డు రూము నిశ్శబ్దమైపోయింది. పుండరీకాక్షయ్య గారు తల వంచి నిలబడ్డారు. డ్రాప్స్ పక్కన సున్నా చెదిరి, అంకెలు తోసుకుంటూ పెరిగాయి, పెరిగి ఆగాయి. మాస్టారు పాఠానికి ముందు దారి పెట్టారు.

టీవీలో బొమ్మ ఒక్క ఉదుటున మారింది. నోళ్ళు తెరిచిన పిల్లలు లేరు. బడి గది ఖాళీగా ఉంది. దూరంగా పొయ్యి దగ్గర చిన్నమ్మి వీపు కనబడుతోంది.

"చిన్నమ్మీ!" అన్నారు మాస్టారు.

ఆమె ఉలిక్కిపడి గరిటెతో సహా తిరిగింది. "మాస్టారా? ఇప్పుడిప్పుడే పలికినారా, ఇది మొన్నటిదా?"

"ఇప్పటిదేనమ్మా. పిల్లలేరి?"

"వొయ్యమ్మ, ఇంత బేగి వొస్తారని ఎవులనుకున్నారు! ఆల్లు పొద్దుట టీవీకి దండం పెట్టి, జవాబొచ్చీలోగా ఆడుకోడానికెల్లినారు. ఒరే, రండర్రా! మాస్టారొచ్చినారు!"

గుమ్మం లోంచి పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చారు. చామంతి అందరికన్నా ముందు వచ్చి టీవీకి ముక్కు ఆనించి నిలబడింది. జుట్టులో గడ్డిపరకలున్నాయి.

కమిషనర్ గారి పిలుపు మోగుతోంది. సువర్చల గారు ఫోను చేతిలోనే పట్టుకుని టీవీ వైపు వంగారు. "ఏమ్మా, వాగవతల పెద్ద బడి ఉంది కదా. అక్కడికి వెళ్ళి చదువుకుంటావా?"

ఈసారి ఎవరూ ఎదురు చూడవలసిన పని లేకపోయింది.

"ఎందుకండీ?" అంది చామంతి. వేలు ఎత్తి, సువర్చల గారి భుజం పక్కగా అప్పలనరసయ్య గారిని చూపించింది. "మా మాస్టారు ఇక్కడే ఉన్నారు కదా."

సువర్చల గారు ఆ వేలును కాసేపు చూశారు. తరవాత ఫోను ఎత్తి, "నమస్కారం సర్, ఇక్కడ పాఠం నడుస్తోంది, పక్క గదిలోకి వెళ్ళి మాట్లాడతాను" అంటూ బయటికి నడిచారు.